ఓవర్‌క్లాక్ ముందుకు కదలట్లేదా? వోల్టేజ్ పెంచాలా, బర్న్-ఇన్ చెయ్యాలా, ఇంకేదైనా చూడాలా

ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తూ, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి తోస్తూ పోతే ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది. 4.8 గిగాహెర్ట్జ్ దాకా హాయిగా నడిచింది, 4.9 పెట్టగానే బ్లూ స్క్రీన్, లేదంటే గేమ్ మధ్యలో మెషీన్ దానంతట అదే రీస్టార్ట్. అప్పుడు ఎవరిని అడిగినా తిప్పి తిప్పి రెండే సలహాలు వస్తాయి. ఒకటి, వోల్టేజ్ కొంచెం పెంచమని. రెండోది, ఎక్కువ వోల్టేజ్ మీద రెండు మూడు రోజులు ఫుల్ లోడ్‌లో వదిలెయ్యమని, అలా బర్న్-ఇన్ అయితే చిప్ సర్దుకుని ఇంకో వంద మెగాహెర్ట్జ్ ఇస్తుందని. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ వీటికి పోలికే లేదు. వోల్టేజ్ పెంచడం నిజంగా పని చేస్తుంది, అయితే దానికి మూల్యం ఉంది. బర్న్-ఇన్ వల్ల చిప్‌కి వచ్చే లాభం ఏమీ లేదు, మూల్యం మాత్రం ఉంది. ఇక ఈ రెండిటికన్నా ముందు ప్రయత్నించాల్సిన దారులు ఇంకో రెండున్నాయి, కూలింగ్ బాగు చెయ్యడం ఒకటి, వోల్టేజ్‌ని తగ్గించడం మరొకటి. ఇప్పటి ప్రాసెసర్లలో చాలామందికి సరిపోయేవి ఈ చివరి రెండే అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

వోల్టేజ్ పెంచితే లోపల ఏం జరుగుతుంది

5 గిగాహెర్ట్జ్ అంటే ఒక్కో క్లాక్ సైకిల్‌కి దొరికే సమయం 200 పికోసెకన్లు. అంటే సెకనులో లక్ష కోట్ల వంతులు రెండు వందలు. ఆ సమయంలోపు సిగ్నల్ ఒక లాచ్ (బిట్ విలువని పట్టి ఉంచే చిన్న సర్క్యూట్) దగ్గర బయల్దేరి, మధ్యలో ఉన్న గేట్లన్నీ దాటి, తర్వాతి లాచ్‌కి చేరాలి. 4.8 దగ్గర అదే ప్రయాణానికి 208 పికోసెకన్లు ఉంటాయి. ఈ ఎనిమిది పికోసెకన్ల తేడా దగ్గరే మీ ఓవర్‌క్లాక్ ఆగిపోయేది. చిప్‌లో అన్నిటికన్నా నెమ్మదైన దారి ఏదో ఒకటి ఉంటుంది, అందులో సిగ్నల్ ఒక్కసారి ఆలస్యంగా చేరినా లాచ్ పాత విలువను పట్టుకుంటుంది, 1 రావాల్సిన చోట 0 వస్తుంది, ప్రోగ్రామ్ కూలిపోతుంది. కూలిపోకుండా లెక్క తప్పుగా ఇస్తే అది ఇంకా ప్రమాదం.

ట్రాన్సిస్టర్ ఎంత వేగంగా మారుతుందన్నది ప్రధానంగా దాని థ్రెషోల్డ్ వోల్టేజ్‌కి (అది ఆన్ అవ్వడానికి కావాల్సిన కనీస వోల్టేజ్) పైన మనం ఎంత ఇస్తున్నామన్న దాని మీద ఆధారపడుతుంది. ఎక్కువ ఇస్తే కరెంట్ ఎక్కువ పారుతుంది, తర్వాతి గేట్‌లోని కెపాసిటెన్స్ త్వరగా నిండుతుంది, సిగ్నల్ టైంకి చేరుతుంది. కాబట్టి వోల్టేజ్ పెంచితే క్లాక్ పెరగడం మూఢనమ్మకం కాదు, ఫిజిక్స్ లెక్క.

మరి మూల్యం ఏమిటంటే, చిప్ తినే డైనమిక్ పవర్ (ట్రాన్సిస్టర్లు మారేటప్పుడు ఖర్చయ్యేది) వోల్టేజ్ వర్గానికీ ఫ్రీక్వెన్సీకీ అనులోమంగా పెరుగుతుంది. ఒక ఉదాహరణ వేసి చూడండి. 1.20 వోల్ట్ల దగ్గర 4.8 గిగాహెర్ట్జ్‌లో 150 వాట్లు తినే చిప్ ఉందనుకుందాం. దాన్ని 5.1కి తేవడానికి 1.35 వోల్ట్లు కావాల్సి వచ్చింది. క్లాక్ పెరిగింది 6 శాతం చిల్లర. పవర్ పెరిగేది దాదాపు 34 శాతం, అంటే 200 వాట్లు దాటిపోతుంది. పైగా ఇది డైనమిక్ పవర్ లెక్క మాత్రమే. లీకేజ్ కరెంట్ (ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కారిపోయే కరెంట్) కూడా వోల్టేజ్‌తో, వేడితో పెరుగుతుంది కాబట్టి వాస్తవంలో ఇంకొంచెం ఎక్కువే చూస్తారు. వేడెక్కిన చిప్‌లో ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి, మెటల్ తీగల నిరోధం పెరుగుతుంది, దాంతో అదే క్లాక్ నిలబెట్టడానికి ఇంకొంచెం వోల్టేజ్ కావాలి, అది మళ్ళీ వేడి. కూలర్ తట్టుకోలేని చోటికి వచ్చాక వోల్టేజ్ పెంచితే క్లాక్ స్టేబుల్ అవ్వకపోగా ఇంకా పాడవడం చాలామంది చూసే ఉంటారు, కారణం ఇదే.

అందుకే వోల్టేజ్ దారి ఎంచుకునే వాళ్ళకి నేనిచ్చే మొదటి సలహా, కాగితం మీద రాసుకోండి. ఒక్కో వంద మెగాహెర్ట్జ్‌కి కనీసం ఎంత వోల్టేజ్ కావాలో పక్కపక్కన రాస్తూ పొండి. మొదట 20 మిల్లీవోల్ట్లకే వంద మెగాహెర్ట్జ్ రావచ్చు, తర్వాత 30, ఆ తర్వాత ఉన్నట్టుండి 70, 80 అడుగుతుంది. ఆ ఎగురుడు కనపడిన చోట ఒక మెట్టు వెనక్కి వచ్చి ఆగిపోండి. అక్కడి నుంచి పైకి మీరు ఇచ్చేది ఎక్కువ, తెచ్చుకునేది తక్కువ. చిప్ చిప్‌కీ ఈ మలుపు మారుతుంది కాబట్టి వేరే వాళ్ళ సెట్టింగ్స్ తెచ్చి యథాతథంగా పెట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు, ఒకే మోడల్ రెండు ముక్కల మధ్యే తేడా ఉంటుంది.

ఎంత వోల్టేజ్ సేఫ్ అన్న ప్రశ్న

అందరూ ఒక అంకె కావాలంటారు. అన్ని చిప్‌లకీ కలిపి ఒక అంకె లేదు. 2002లో వచ్చిన పెంటియమ్ 4 నార్త్‌వుడ్ 130 నానోమీటర్ల చిప్, దాని మామూలు వోల్టేజ్ 1.5 దగ్గర్లో ఉండేది. దానికి 1.7 దాటించి నడిపిన వాళ్ళ చిప్‌లు కొన్నాళ్ళకే హఠాత్తుగా చచ్చిపోవడంతో, సడన్ నార్త్‌వుడ్ డెత్ సిండ్రోమ్ అని దానికో పేరే పడింది. అంతకన్నా ముందు తరం చిప్‌ల మీద అలవాటైన వోల్టేజ్‌ని కొత్త ప్రాసెస్ మీద వాడారు, అంతే. ప్రతి తరానికీ ట్రాన్సిస్టర్ సన్నబడుతుంది, హద్దు కిందికి జరుగుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఏఎండీ రైజెన్ 5000 ప్రాసెసర్లు వాడేవాళ్ళు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో 1.45 వోల్ట్ల పైన కనిపించడం చూసి, కంపెనీయే ఇంత ఇస్తోంది కదా, నేనూ అంతే ఫిక్స్ చేస్తాను అనుకుంటారు. అలా చెయ్యకండి. చిప్ ఆ వోల్టేజ్ తీసుకునేది ఒకటి రెండు కోర్ల మీద తేలిక లోడ్ ఉన్నప్పుడు, కరెంట్ తక్కువగా ఉన్నప్పుడు. అన్ని కోర్లూ నిండా పనిలో ఉన్నప్పుడు తనంతట తానే చాలా కిందికి దిగుతుంది. అదే 1.45ని అన్ని కోర్లకీ ఫిక్స్ చేస్తే ఆ వోల్టేజ్‌కి తోడు పూర్తి కరెంట్, పూర్తి వేడి కలుస్తాయి. చిప్‌ని అరగదీసేది ఈ మూడింటి కలయికే. కాబట్టి వోల్టేజ్ అంకె ఒక్కటే చూసి సేఫ్ అని తేల్చకండి, ఏ లోడ్‌లో, ఎంత కరెంట్‌లో, ఎంత టెంపరేచర్‌లో అని కూడా చూడండి.

కంపెనీలకే ఇందులో దెబ్బ తగిలింది. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయని ఫొటోలు వచ్చాక, ఏఎండీ కొత్త బయోస్‌లతో (మదర్‌బోర్డ్‌లో ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) ఎస్ఓసీ వోల్టేజ్‌ని, అంటే కోర్లకి కాకుండా చిప్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి వెళ్ళేదాన్ని, 1.3 దగ్గర కట్టడి చేసింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతి ఇంకా పెద్దది. ఓవర్‌క్లాక్ జోలికి వెళ్ళని వాళ్ళ మెషీన్లు కూడా క్రాష్ అయ్యాయి. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి కింద కోర్‌లోని క్లాక్ సర్క్యూట్ ముందుగానే ముసలిదైపోతోందని, దాంతో చిప్ నడవడానికి కావాల్సిన కనీస వోల్టేజ్ పైకి జరుగుతోందని ఇంటెలే చెప్పింది. ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ (చిప్ లోపలి పనిని నడిపే కోడ్) అప్‌డేట్ వోల్టేజ్‌ని 1.55 దాటకుండా ఆపింది, వారంటీని రెండేళ్ళు పొడిగించారు. అప్పటికే అరిగిన చిప్‌లను మాత్రం ఏ అప్‌డేటూ వెనక్కి తేలేదు. ఈ ఉదంతాన్ని గుర్తుపెట్టుకుని ఇక బర్న్-ఇన్ సంగతి చూద్దాం.

బర్న్-ఇన్ చేస్తే చిప్ మెరుగవుతుందా

అవ్వదు. ఈ నమ్మకం కొత్త బండికి రన్నింగ్-ఇన్ చెయ్యడం నుంచి వచ్చిందనుకుంటా. ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి ఒరుసుకుంటూ సర్దుకుంటాయి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ మెత్తబడుతుంది. చిప్‌లో ఒరుసుకునేది ఏదీ లేదు. సర్దుకోవాల్సినదీ లేదు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజే అది తన జీవితంలో అత్యంత వేగంగా ఉంటుంది.

ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి మీద రోజుల తరబడి నడిపితే చిప్‌లో జరిగే మార్పులేవో బాగా తెలిసినవే. తీగల్లో కరెంట్ ఒత్తిడికి లోహపు అణువులు మెల్లగా పక్కకి జరుగుతాయి, దీన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. కరెంట్ సాంద్రత, టెంపరేచర్ పెరిగేకొద్దీ తీగ ఎంత త్వరగా పోతుందో లెక్కకట్టే బ్లాక్ సమీకరణం 1969 నుంచే ఉంది. ట్రాన్సిస్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే గేట్ కింద ఉన్న సన్నని ఆక్సైడ్ పొరలో చార్జ్ చిక్కుకుని థ్రెషోల్డ్ వోల్టేజ్ పైకి జరుగుతుంది, దాన్ని బయాస్ టెంపరేచర్ ఇన్‌స్టబిలిటీ అంటారు. ఆక్సైడ్ పొర కూడా క్రమంగా బలహీనపడుతుంది. ఇందాక చెప్పుకున్నాం కదా, ట్రాన్సిస్టర్ వేగం థ్రెషోల్డ్‌కి పైన ఎంత ఇస్తున్నామన్న దాని మీద ఉంటుందని. థ్రెషోల్డే పైకి జరిగితే అదే వోల్టేజ్‌కి చిప్ నెమ్మదిస్తుంది. అంటే బర్న్-ఇన్ మిమ్మల్ని మీరు వెళ్ళాలనుకున్న దిక్కుకి సరిగ్గా వ్యతిరేకంగా తీసుకెళ్తుంది.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. థ్రెషోల్డ్ పెరిగితే లీకేజ్ కొంచెం తగ్గుతుంది, కాబట్టి చిప్ ఒక రవ్వ చల్లగా నడవొచ్చు. బర్న్-ఇన్‌ని సమర్థించే వాళ్ళు దీన్ని పట్టుకుంటారు. కానీ ఆ చల్లదనం వచ్చింది ట్రాన్సిస్టర్ మందగించడం వల్ల. ఓవర్‌క్లాక్ కోసం కష్టపడుతున్న వాళ్ళకి ఆ బేరం దేనికి?

మరి తయారీదారులు బర్న్-ఇన్ చేస్తారు కదా అంటే, చేస్తారు, ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి మీదే చేస్తారు. వాళ్ళ ఉద్దేశం వేరు. లోపంతో పుట్టిన చిప్‌లు సాధారణంగా మొదట్లోనే పోతాయి, అవి కొనేవాళ్ళ చేతికి వెళ్ళకముందే చంపి పక్కన పెట్టడానికి అది చేస్తారు. మిగిలిన చిప్‌లు దానివల్ల బాగుపడవు, జల్లెడలో మిగిలాయంతే.

అయినా బర్న్-ఇన్ తర్వాత నిజంగా ఓవర్‌క్లాక్ పెరిగిందని చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేను అనను. మారింది చిప్ కాదు, చుట్టూ ఉన్నవి. అన్నిటికన్నా ముందు చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్. కొన్ని పేస్టులు కుదురుకోవడానికి టైం తీసుకుంటాయి, ఆర్కిటిక్ సిల్వర్ 5 తయారీదారు అయితే 200 గంటల దాకా పట్టొచ్చని, ఆ తర్వాత 2 నుంచి 5 డిగ్రీలు తగ్గుతుందని స్వయంగా చెబుతుంది. రెండు మూడు రోజులు చిప్‌ని వేడెక్కించి చల్లార్చితే పేస్ట్ సర్దుకుంటుంది, టెంపరేచర్ తగ్గుతుంది, అంచున ఉన్న క్లాక్ నిలబడుతుంది, పేరు చిప్‌కి వస్తుంది. ఇక గది టెంపరేచర్ మారుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడల్లా మెమరీ ట్రైనింగ్ (మెషీన్ మెమరీతో తన టైమింగ్ సరిచూసుకోవడం) కొంచెం వేరేగా జరగొచ్చు. అంచున ఉన్న సెట్టింగ్ ఒకరోజు గంట నడుస్తుంది, ఇంకోరోజు పది నిమిషాల్లో పడిపోతుంది, అది అదృష్టం. పైగా బయాస్ టెంపరేచర్ ఇన్‌స్టబిలిటీలో కొంత భాగం ఒత్తిడి తీసేశాక తిరిగి కోలుకుంటుంది, కాబట్టి కఠినమైన టెస్ట్ ముగిసిన వెంటనే కొలిచిన దానికన్నా విశ్రాంతి ఇచ్చాక కొలిస్తే కాస్త మెరుగ్గా కనిపించే అవకాశం ఉంది.

నమ్మకం కుదరకపోతే పరీక్షించే పద్ధతి ఉంది, బర్న్-ఇన్ చెయ్యకుండా వాదనని పరీక్షించొచ్చు. పేస్ట్ పూసిన రోజే ఒక క్లాక్ ఖాయం చేసుకుని, దానికి కావాల్సిన కనీస వోల్టేజ్ కొలిచి, మామూలు వోల్టేజ్ మీద రెండు వారాలు వాడండి. తర్వాత అదే క్లాక్‌కి కావాల్సిన కనీస వోల్టేజ్ మళ్ళీ కొలవండి. అదే బయోస్, అదే గది వేడి. బర్న్-ఇన్ వల్ల వస్తుందన్న లాభం ఉత్త వాడకంతోనే వచ్చేస్తే, అది పేస్ట్ ఇచ్చిందే అన్నమాట.

బర్న్-ఇన్ అన్న పేరుతోనే ఇంకో పని కూడా చేస్తారు, అది మంచిదే. కొత్త మెషీన్‌ని గానీ కొత్త సెట్టింగ్‌ని గానీ గంటల తరబడి లోడ్ మీద పరీక్షించడం. మీరు రోజూ వాడబోయే వోల్టేజ్ మీదే చెయ్యండి, దానికోసం ప్రత్యేకంగా పెంచకండి. ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ టెస్ట్ వేడిని చూపిస్తుంది, ఓసీసీటీ తప్పుల్ని త్వరగా పట్టిస్తుంది, కోర్లను ఒక్కొక్కటిగా పరీక్షించడానికి కోర్‌సైక్లర్ బాగుంటుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వియా (WHEA, విండోస్ నమోదు చేసే హార్డ్‌వేర్ తప్పులు) ఎర్రర్లు కనిపిస్తే, మెషీన్ పడిపోకపోయినా సరే, ఆ సెట్టింగ్ స్టేబుల్ కాదు.

మిగతా రెండు దారులు

కూలింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫుల్ లోడ్‌లో చిప్ తన గరిష్ఠ టెంపరేచర్‌కి ఆనుకుని ఉంటే, అంటే రైజెన్ 7700ఎక్స్ లాంటి వాటికి 95, ఇంటెల్ 13వ తరానికి 100 డిగ్రీలు, వోల్టేజ్ పెంచడం వృథా. ముందు కూలర్ సరిగ్గా బిగిసిందో లేదో చూడండి, దుమ్ము దులపండి, పేస్ట్ మార్చండి, కేస్‌లో గాలి దారి చూడండి.

వోల్టేజ్ తగ్గించడం మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఓవర్‌క్లాక్ కోసం వోల్టేజ్ తగ్గించడం ఏమిటని వింతగా అనిపిస్తుంది. 1998లో సెలెరాన్ 300ఏలో ప్రాసెసర్‌ని మదర్‌బోర్డ్‌తో కలిపే బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చి, చిప్‌ని 450 మెగాహెర్ట్జ్‌కి తెచ్చిన రోజులు వేరు, అప్పుడు చిప్‌లో యాభై శాతం ఖాళీ ఉండేది. ఇప్పటి ప్రాసెసర్ తన ఖాళీని తనే వాడేస్తోంది, టెంపరేచర్, పవర్, కరెంట్ హద్దుల్లో ఎంత వీలైతే అంత బూస్ట్ అవుతుంది. కంపెనీ మాత్రం అన్ని చిప్‌లకీ సరిపోయేలా కాస్త ఎక్కువ వోల్టేజ్ పెట్టి పంపుతుంది. మీ చిప్‌కి అంత అవసరం లేకపోతే ఆ అదనాన్ని తీసెయ్యండి. పవర్ తగ్గుతుంది, హద్దు దూరం జరుగుతుంది, చిప్ తనంతట తానే ఇంకా పైకి బూస్ట్ అవుతుంది. ఏఎండీలో దీన్ని బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్‌తో చేస్తారు, అందులో తగ్గించే ఒక్కో అంకెకీ సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్ట్లు తగ్గుతుంది. అన్ని కోర్లకీ నెగెటివ్ 10తో మొదలుపెట్టి, పరీక్షిస్తూ కిందికి దిగండి. తప్పు ఎక్కువగా ఐడిల్‌లోనో (మెషీన్ పనిలేకుండా ఉన్నప్పుడు) తేలిక లోడ్‌లోనో బయటపడుతుంది కాబట్టి ఫుల్ లోడ్ టెస్ట్ ఒక్కటే చేసి సంతోషపడొద్దు. తగ్గించడం వల్ల క్రాష్ రావచ్చు, డేటా పాడవ్వొచ్చు, అందుకే టెస్ట్ తప్పదు, కానీ చిప్ మాత్రం అరగదు. వోల్టేజ్ పెంచడానికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

ఎవరు ఏది ఎంచుకోవాలి

కోర్ ఐ5-2500కే, ఐ7-4790కే లాంటి పాత అన్‌లాక్డ్ (క్లాక్ మార్చుకోనిచ్చే) చిప్‌లు ఉంటే వోల్టేజ్ పెంచే దారి ఇప్పటికీ మంచిదే, ముఖ్యంగా 2500కేలో ఫ్యాక్టరీ టర్బో 3.7 గిగాహెర్ట్జ్ పైన బోలెడు ఖాళీ ఉంటుంది, చిప్ పోయినా పెద్ద నష్టం అనిపించదు. మంచి కూలర్ పెట్టి, మెట్టు మెట్టుగా ఎక్కండి. బయోస్‌లోని లోడ్-లైన్ క్యాలిబ్రేషన్ సెట్టింగ్‌ని మాత్రం మధ్య స్థాయిలో ఉంచండి. దాన్ని చివరిదాకా పెంచితే లోడ్‌లో వోల్టేజ్ పడిపోవడం ఆగుతుంది గానీ, లోడ్ ఒక్కసారిగా తగ్గినప్పుడు మీరు పెట్టిన దానికన్నా పైకి ఒక్క క్షణం ఎగురుతుంది, ఆ ఎగురుడు మామూలు సాఫ్ట్‌వేర్‌లో కనపడదు.

గత ఐదారేళ్ళలో వచ్చిన డెస్క్‌టాప్ చిప్ అయితే కర్వ్ ఆప్టిమైజర్ లేదా నెగెటివ్ ఆఫ్‌సెట్ (వోల్టేజ్‌ని కొంత తగ్గించే సెట్టింగ్), దాంతోపాటు మెమరీ ట్యూనింగ్. గేమ్స్‌లో మెమరీ టైమింగ్స్ (మెమరీ జవాబివ్వడానికి పట్టే సైకిళ్ళు) తగ్గించడం ఇచ్చే లాభం వంద మెగాహెర్ట్జ్ కోర్ క్లాక్ కన్నా ఎక్కువగా ఉండడం మామూలే. రైజెన్ 7 5800ఎక్స్3డీ లాంటి చిప్‌లో కోర్ క్లాక్ పెంచే ఓవర్‌క్లాకింగే లాక్ చేశారు, కాబట్టి ఆలోచించేదేమీ లేదు.

ల్యాప్‌టాప్‌లో వోల్టేజ్ పెంచే ఆలోచనే వద్దు. తగ్గించడం బాగా పని చేస్తుంది, కాకపోతే 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ అవకాశాన్ని బయోస్ అప్‌డేట్‌తో మూసేశారు. మీ దాంట్లో ఉందో లేదో ముందు చూసుకోండి.

లెక్కలు, వీడియో ఎడిటింగ్, ఖాతాదారుల ఫైళ్ళు ఉండే పని మెషీన్ అయితే ఓవర్‌క్లాక్ మానెయ్యండి. మీకు తెలియకుండా ఒక ఫైల్‌లో ఒక బిట్ మారిపోతే ఎప్పటికో గానీ బయటపడదు. లిక్విడ్ నైట్రోజన్‌తో రికార్డుల కోసం ఆడేవాళ్ళ వోల్టేజ్‌లు చూసి మాత్రం ఎవరూ ప్రలోభపడొద్దు, వాళ్ళ చిప్ మైనస్ 196 డిగ్రీల ద్రవం పక్కన కొన్ని నిమిషాలే ఆ వోల్టేజ్ మీద ఉంటుంది.

ఇప్పటికే పెంచిన వోల్టేజ్ మీద నెలల తరబడి నడుపుతున్న వాళ్ళకి ఒక విషయం. ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన సెట్టింగ్ ఉన్నట్టుండి క్రాష్ అవ్వడం మొదలుపెడితే, ముందు టెంపరేచర్ చూడండి, మెమ్‌టెస్ట్86తో మెమరీ చూడండి, బయోస్ గానీ డ్రైవర్ గానీ కొత్తగా మారిందేమో చూడండి. అవేవీ కాకపోతే చిప్ అరిగి ఉండొచ్చు. ఆ స్థితిలో చాలామంది చేసే పని ఇంకో 20 మిల్లీవోల్ట్లు కలపడం, అది కొన్ని వారాలు పని చేస్తుంది కూడా, కానీ అరుగుదల వేగం పెరుగుతుంది, మళ్ళీ కలపాల్సి వస్తుంది. వోల్టేజ్‌ని తాకకుండా క్లాక్‌ని వంద మెగాహెర్ట్జ్ దించండి. దించాక కూడా పడిపోతుంటే అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి తెచ్చి చూడండి, అక్కడ కూడా నిలబడకపోతే వారంటీ ఎప్పటిదాకా ఉందో, ఓవర్‌క్లాక్ చేసిన చిప్‌ని తీసుకుంటారో లేదో నిబంధనలు చదివి, ఏం చేశారో దాచకుండా చెప్పి అడగండి.